త్రో కొట్టడం తప్పా? స్ట్రీట్ ఫైటర్ 6 చాలాకాలం ఆడిన తర్వాత

2023 జూన్ 2న విడుదలైన, ఇద్దరు ఎదురెదురుగా తలపడే ఫైటింగ్ వీడియో గేమ్ స్ట్రీట్ ఫైటర్ 6ను నేను మొదటి నెల నుంచీ ఆడుతున్నాను. ఇంట్లో బంధువుల పిల్లలతోనూ, ఆన్‌లైన్‌లో ముక్కూ మొహం తెలియని వాళ్ళతోనూ, ర్యాంకు కోసమూ, ఏ లెక్కా లేకుండానూ ఆడాను. గ్రాఫిక్స్ ఎలా ఉన్నాయి, ఏ పాత్ర బలమైనది అన్న సంగతులు ఇప్పటికే చాలామంది రాశారు కనుక వాటి జోలికి పోను. ఫైటింగ్ గేములు ఆడేవాళ్ళ మధ్య ఎప్పుడూ రాజుకుంటూనే ఉండే ఒక తగాదాను ఈ గేమ్ ఎంతవరకు తీర్చగలిగిందన్నదే నేను చూడదలచుకున్న విషయం. సరదాకు ఆడేవాడు పోటీ ఆటగాణ్ణి చూసి "వీడికి ఆట అక్కర్లేదు, గెలుపే కావాలి" అంటాడు. పోటీ ఆటగాడేమో సరదాకు ఆడేవాణ్ణి చూసి "నేర్చుకోవడానికి బద్ధకం, ఓడితే మాత్రం ఏడుపు" అంటాడు. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉన్నా, తగాదా ఎక్కడి నుంచి పుడుతోందో ఇద్దరూ గమనించడం లేదని నా అభిప్రాయం.

సాధారణంగా అది మొదలయ్యేది త్రో దగ్గరే. ఫైటింగ్ గేములో ఎదుటివాడి దెబ్బను బ్లాక్ చేయవచ్చు, బ్లాక్ చేస్తూ కూర్చున్నవాణ్ణి పట్టుకుని విసిరేయవచ్చు (దీన్నే త్రో అంటారు), విసరడానికి దగ్గరికి వచ్చినవాణ్ణి ముందే దెబ్బ కొట్టవచ్చు. ఈ మూడింటిలో ఏ ఒక్కదాన్ని తీసేసినా మిగిలిన రెండింటికీ అర్థం ఉండదు. స్ట్రీట్ ఫైటర్ 6లో చాలా పాత్రల ప్రాణం 10,000 పాయింట్లు, మామూలు త్రో అందులో 1,200 తీసుకుంటుంది, అంటే ఒక్క త్రోతో కొంపలేమీ మునిగిపోవు. అయినా త్రో తిన్నవాడికి వచ్చేంత కోపం అంతకు రెట్టింపు నష్టం చేసే కాంబో, అంటే గొలుసుకట్టు దెబ్బలు, తిన్నవాడికి రాదు. కాంబోలో ఎదుటివాడి పనితనం కంటికి కనిపిస్తుంది, త్రోలో కనిపించదు. రెండు బటన్లు కలిపి నొక్కితే అయిపోయే పని అది. పైగా ఆ త్రో 5 ఫ్రేముల్లో అందుకుంటుంది. ఫ్రేము అంటే తెర మీద మారే ఒక్కో చిత్రం, గేమ్ సెకనుకు 60 ఫ్రేములతో నడుస్తుంది కనుక దాన్ని చూసి తప్పించుకోవడం ఎవరివల్లా కాదు. వస్తుందని పసిగట్టి తాను కూడా అదే సమయానికి త్రో బటన్లు నొక్కాలి, లేదా ముందే పైకి ఎగరాలి.

మా పిన్ని కొడుకు మొదట్లో ఒక రౌండులో వరుసగా త్రోలు తిని, ప్యాడ్ ఒళ్ళో పడేసి, "అన్నా, ఇంకొక్క త్రో కొట్టావంటే నేను లేచిపోతా" అన్నాడు. "సరేరా, నేను త్రోలు మానేస్తా, నువ్వు ఆ హోండా తలకాయ దెబ్బ మానెయ్" అన్నాను. సుమో వీరుడు ఈ. హోండా తెర ఈ చివరి నుంచి ఆ చివరికి తలతో దూసుకొచ్చే దెబ్బ అది. విరుగుడు తెలియనివాళ్ళను అది పెట్టే తిప్పలు అన్నీ ఇన్నీ కావు. ఇద్దరమూ ఒప్పుకున్నాము, ఆ సాయంత్రం ఆట చాలా బాగా సాగింది. ఆ ఒప్పందంలో తప్పేమీ లేదని నేను ఇప్పటికీ అంటాను, ఎందుకంటే అది పక్కపక్కన కూర్చున్న ఇద్దరు మనుషులు మాట్లాడుకుని పెట్టుకున్న నియమం.

మన ఊళ్ళలో ప్లేస్టేషన్ పార్లర్లు గంటల లెక్కన నడిచిన రోజుల్లో ఇటువంటి నియమాలు చాలా ఉండేవి. 1998లో ప్లేస్టేషన్‌కు వచ్చిన టెక్కెన్ 3 ఆ పార్లర్లను ఏళ్ళ తరబడి ఏలింది. అందులో ఎడ్డీ గోర్డోను తీసుకుని కాళ్ళ బటన్లు ఎడాపెడా నొక్కేవాడికి మర్యాద దక్కేది కాదు. కొన్ని చోట్ల ఎడ్డీని తీసుకోకూడదనే కట్టుబాటు కూడా ఉండేది. అక్కడ ఎవరూ టోర్నమెంటుకు తయారవుతున్నవాళ్ళు కారు, అలాగని గెలుపు మీద ఆశ లేనివాళ్ళూ కారు. కాయిన్ వేసి ఆడే మెషిన్ల దగ్గర ఓడినవాడు లేచిపోవాలి, మళ్ళీ ఆడాలంటే మళ్ళీ డబ్బు పెట్టాలి. సరదాకు ఆడుతున్నామని చెప్పుకునే వాళ్ళకు అంతకంటే గట్టి పోటీ ఏముంటుంది? అందుచేత గెలవాలన్న కోరిక ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఆటగాళ్ళను రెండు రకాలుగా విడగొట్టడం నాకు మొదటి నుంచీ సరిగా అనిపించలేదు.

ఆన్‌లైన్‌కు వెళ్ళగానే ఆ ఒప్పందం ఉండదు. ఎదుటివాడు ఏ దేశంవాడో, ఎంతకాలంగా ఆడుతున్నాడో తెలియదు, అతనితో మాట్లాడుకునే వీలు ఉండదు, రెండు మూడు మ్యాచ్‌లు ఆడి, గెలిచిన పాయింట్లు తీసుకుని వెళ్ళిపోతాడు. స్ట్రీట్ ఫైటర్ 6లో కింది ర్యాంకుల వారు ఎక్కువగా తిట్టుకునేది డ్రైవ్ ఇంపాక్ట్‌ను. రంగులు చిమ్ముతూ వచ్చే ఈ పెద్ద దెబ్బ దారిలో తగిలే రెండు దెబ్బలను ఓర్చుకుని ముందుకు వస్తుంది. తెర చివరి గోడ దగ్గర ఉన్నవాడు దాన్ని బ్లాక్ చేసినా గోడకు కొట్టుకుని నిస్సహాయంగా ఉండిపోతాడు. ఇలాంటి దెబ్బలకు ఖర్చయ్యే ఆరు గడుల డ్రైవ్ గేజ్ పూర్తిగా ఖాళీ అయి బర్నౌట్ అనే స్థితిలో ఉన్నవాడు అలా గోడకు కొట్టుకుంటే ఏకంగా స్పృహ తప్పుతాడు. అయితే అది బయలుదేరి తగలడానికి 26 ఫ్రేములు, అంటే సెకనులో సగానికి కొంచెం తక్కువ సమయం పడుతుంది. మనసు పెట్టి చూస్తే తిరిగి మన డ్రైవ్ ఇంపాక్ట్ కొట్టడానికి ఆ సమయం చాలు. "ఇది అన్యాయం" అన్న మాట ఇంట్లో అయితే కొత్త నియమానికి దారితీస్తుంది, ఆన్‌లైన్‌లో ఎక్కడికీ దారితీయదు. అక్కడ ట్రైనింగ్ మోడ్ తెరిచి బొమ్మ చేత అదే దెబ్బ కొట్టించుకోవడం ఒక్కటే మార్గం.

ఆ ట్రైనింగ్ మోడ్ మాత్రం నేను ఆడిన ఫైటింగ్ గేములన్నిటిలోకీ ఉత్తమమైనది. తెర మీద రంగు గడుల వరుసలో ఎవరి దెబ్బ ఎన్ని ఫ్రేములకు మొదలైంది, ఎవరు ముందుగా తేరుకున్నారు అన్నది స్పష్టంగా కనిపిస్తుంది. ఓడిన మ్యాచ్‌ను రీప్లేలో పెట్టుకుని ఎదుటివాడు ఏ క్షణాన ఏ బటన్ నొక్కాడో కూడా చూడవచ్చు. హోండా తలకాయ దెబ్బను బ్లాక్ చేసిన తర్వాత నాకు అవకాశం ఎప్పుడు ఉంటుంది, ఎప్పుడు ఉండదు అన్నది నేను అలాగే తెలుసుకున్నాను. దెబ్బ తిన్నవాడి కోపాన్ని ప్రశ్నగా మార్చి, ఆ ప్రశ్నకు జవాబు కూడా అందుబాటులో పెట్టడం ఈ గేమ్ చేసిన గొప్ప మేలు.

కానీ సరదా ఆటగాడి ఫిర్యాదులన్నీ తెలియనితనం నుంచే వస్తాయనుకోవడం పోటీ ఆటగాళ్ళ పొగరు మాత్రమే. తెర మూలలో ఒకసారి త్రో పడితే చాలా పాత్రలకు వెంటనే మళ్ళీ త్రో కొట్టే వీలుంటుంది. దాన్ని తప్పించుకోవాలని కదిలితే, కదలికను కనిపెట్టి కొట్టే దెబ్బ అంతకన్నా పెద్ద నష్టం చేస్తుంది. ఇలా రెండు మూడు సార్లు తప్పుగా ఊహించినవాడి రౌండు, అతను అప్పటిదాకా ఎంత చక్కగా ఆడినా, అక్కడితో సరి. దీని మీద పై స్థాయి ఆటగాళ్ళే బాహాటంగా విసుక్కుంటారు. సోఫా మీద మా తమ్ముడు అన్న మాటా, ఆ విసుగూ ఒకటే, కాకపోతే వీళ్ళు ఫ్రేముల లెక్కతో చెబుతారు.

దెబ్బలను సులువుగా కొట్టనిచ్చే కొత్త బటన్ల పద్ధతి మోడర్న్ కంట్రోల్స్ గురించి కూడా చాలా రచ్చ జరిగింది. పాత పద్ధతి క్లాసిక్‌లో ఆరు దెబ్బల బటన్లు ఉంటాయి, ర్యూ అనే పాత్ర షోర్యుకెన్ అనే దెబ్బ కొట్టాలంటే ముందుకు, కిందికి, మళ్ళీ ఏటవాలుగా ప్యాడ్ తిప్పాలి. మోడర్న్‌లో ఒక దిశ, ఒక బటన్ చాలు. ప్రతిఫలంగా అలా సులువుగా కొట్టిన స్పెషల్ దెబ్బ 20 శాతం తక్కువ నష్టం చేస్తుంది, మామూలు దెబ్బల్లో కొన్ని అసలు దొరకవు. నేను క్లాసిక్‌తోనే ఆడతాను, అయినా ఇది పిల్లకాయల పద్ధతి అన్న వెటకారాన్ని ఒప్పుకోను. గేమ్ తయారుచేసిన క్యాప్‌కామ్ తన అధికారిక పోటీల్లోనే దీన్ని అనుమతిస్తుంది. పైకి ఎగిరి మీదికి వచ్చేవాణ్ణి ఒక్క బటన్‌తో దించేసే మోడర్న్ ఆటగాణ్ణి ఎదుర్కోవాలంటే నేల మీద నడవడం నేర్చుకోవలసి వస్తుంది, అది నా ఆటకు మంచే చేసింది. వేళ్ళకు శ్రమ తగ్గినంత మాత్రాన బుర్రకు తగ్గదని ప్లాటినం ర్యాంకు దాకా వచ్చిన మోడర్న్ ఆటగాడు ఎవరైనా మీకు చూపిస్తాడు.

ఒంటరిగా ఆడేవాళ్ళ కోసం ఉన్న వరల్డ్ టూర్ గురించి ఎక్కువ చెప్పను. మన బొమ్మను మనమే తయారుచేసుకుని మెట్రో సిటీ వీధుల్లో తిరుగుతూ, అట్టపెట్టెలు తలకు తగిలించుకున్న రౌడీలతో తలపడుతూ, దారిన పోయేవాళ్ళను కూడా కుస్తీకి పిలుస్తూ, గురువుల దగ్గర విద్యలు నేర్చుకోవడం కొంతకాలం బాగానే ఉంటుంది. చిక్కు ఏమిటంటే, అక్కడ లెవెల్, తిండి, బట్టలు మన బలాన్ని పెంచుతాయి. ఎదుటివాళ్ళు సరిగా బ్లాక్ కూడా చేయరు. ఆ అలవాట్లతో, ఆన్‌లైన్‌లో పాయింట్ల కోసం ఆడే ర్యాంక్డ్‌లోకి వచ్చినవాడికి తాను వేరే గేమ్ కొన్నానేమోనన్న అనుమానం వస్తుంది.

క్యాజువల్ మ్యాచ్ అనే విభాగం పేరు కూడా నమ్మదగినది కాదు. అక్కడ పాయింట్లు పోవు కనుక, పై స్థాయి అయిన మాస్టర్ ర్యాంకు వాళ్ళు కొత్త పాత్రను మచ్చిక చేసుకోవడానికి అక్కడికే వస్తారు. ర్యాంక్డ్‌లో దాదాపు నా స్థాయివాడే తగులుతాడు, క్యాజువల్‌లో ఎవరు తగులుతారో దేవుడికే తెలియాలి. పాయింట్లంటే బెంగ ఉన్న కొత్తవాళ్ళకు నేను చెప్పేది తలకిందులుగా వినిపించవచ్చు: ప్రశాంతంగా ఆడాలంటే ర్యాంక్డ్‌కు వెళ్ళండి. ఇక్కడ ప్రతి పాత్రకూ వేరే ర్యాంకు ఉంటుంది, కొత్త పాత్రతో ఎంత ఓడినా పాత పాత్ర ర్యాంకు చెక్కు చెదరదు. మ్యాచ్ ఒప్పుకునే ముందే ఎదుటివాడిది వైఫై కనెక్షనా, కేబులా అన్నది కనిపిస్తుంది. వైఫై గుర్తు చూస్తే నేను మొహమాటం లేకుండా కాదంటాను.

పోటీ అంటే గెలుపు పిచ్చి అనుకునేవారు ఎవో వంటి టోర్నమెంటు ఎలా నడుస్తుందో ఒకసారి చూడాలి. 2023 ఆగస్టులో లాస్ వేగాస్‌లో జరిగిన ఎవోలో స్ట్రీట్ ఫైటర్ 6 విభాగానికి 7,000 మందికి పైగా పేర్లు ఇచ్చారు. రుసుము కట్టిన వారెవరైనా దిగవచ్చు, రెండుసార్లు ఓడితే ఇంటికి. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌కు చెందిన యాంగ్రీబర్డ్ గెలిచాడు. మిగిలినవారిలో అత్యధికులకు తాము గెలవబోమని విమానం ఎక్కకముందే తెలుసు. అదే ఏడాది హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో స్ట్రీట్ ఫైటర్ 5 పతకాంశంగా ఉండగా మన దేశం నుంచి మయాంక్ ప్రజాపతి, అయాన్ బిశ్వాస్ ఆడారు. స్వర్ణం దక్కించుకున్న దక్షిణ కొరియా ఆటగాడు కిమ్ గ్వాన్-వూ వయసు అప్పటికి 44. ఉద్యోగాల వల్ల చేతివేళ్ళు మొద్దుబారాయని చెప్పుకునే నా వయసు వాళ్ళందరికీ ఈ సంగతి గుర్తు చేయడం నాకు ఒక దురలవాటు.

ఇంటి ఆటకు ఈ గేమ్‌లో నాకు బాగా నచ్చినది డైనమిక్ కంట్రోల్స్. ఏదో ఒక దెబ్బ బటన్ నొక్కితే చాలు, ఎదుటివాడు ఎంత దూరంలో ఉన్నాడో చూసుకుని గేమే తగిన దెబ్బను ఎంచుతుంది. ఇది ఆన్‌లైన్‌లో పనిచేయదు, అది సబబే. మా మేనకోడలు మారిసా అనే పాత్రను తీసుకుని, డైనమిక్ పెట్టుకుని, ఏ బటన్ ఏమిటో తెలియకుండానే నన్ను గోడ దాకా నెట్టేసి, "మామయ్యా, నువ్వు నిజంగానే ఆడుతున్నావా?" అని అడిగింది. నిజంగానే ఆడుతున్నాను. చిన్నపిల్ల కదా అని కావాలని ఓడనవసరం లేకుండా ఇద్దరికీ ఆట దక్కడం మామూలు విషయం కాదు. అయితే డైనమిక్ నుంచి మోడర్న్‌కు మారినప్పుడు ఆమె చేతికి వచ్చినదేమీ మిగల్లేదు, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి; ఈ రెండింటి మధ్య ఒక మెట్టు పెట్టి ఉండవలసింది.

ఇప్పుడు నేను ఎక్కువ సమయం గడుపుతున్నది ఆన్‌లైన్‌లో ఆటగాళ్ళు కలుసుకునే బ్యాటిల్ హబ్‌లో. మన బొమ్మ వెళ్ళి ఒక ఆర్కేడ్ మెషిన్ ముందు కూర్చుంటుంది, అవతల ఎవరో వచ్చి కూర్చుంటారు, ఇద్దరిలో ఒకరు లేచేదాకా మ్యాచ్ మీద మ్యాచ్ ఆడుకోవచ్చు. రెండు మూడు మ్యాచ్‌లతో ముగిసే ర్యాంక్డ్‌లో ఎదుటివాడి త్రో నాకు నష్టంగానే మిగిలిపోతుంది. ఇక్కడ పదో మ్యాచ్ వచ్చేసరికి అతను ఎప్పుడు త్రోకు వస్తాడో నాకు తెలుస్తుంది, నాకు తెలిసిందని అతనికీ తెలుస్తుంది, అప్పుడు అతను త్రోకు వస్తున్నట్టు నటించి ఆగుతాడు, నేను గాలిలోకి ఎగిరి దెబ్బ తింటాను. నాకు నచ్చే ఆట ఇదే, దీన్ని సరదా అనాలో పోటీ అనాలో నేను పట్టించుకోవడం మానేశాను. మొన్న జాంగీఫ్ అనే కుస్తీ వీరుడి పాత్రతో వచ్చిన ఒకతను నన్ను విసిరి విసిరి కొట్టాడు, అతన్ని మళ్ళీ ఆడదామని నేనే అడుగుతూ వచ్చాను. లేచేముందు అతని బొమ్మ నమస్కారం చేసింది, నాదీ చేసింది. కొత్తగా కొనేవారు వరల్డ్ టూర్ ముగిసేదాకా ఆగకుండా మొదటి వారంలోనే బ్యాటిల్ హబ్‌కు వెళ్ళి, తమకన్నా ఒకటి రెండు మెట్లు పైన ఉన్నవారి ఎదుట కూర్చోవచ్చు.