నీటిచుక్క పైపొర, రామన్ మైక్రోస్కోప్: నెల్లూరులో కొన్నేళ్ల వాడకం తరువాత

నెల్లూరులోని మా కళాశాల భౌతికశాస్త్ర విభాగంలో 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజర్‌తో పనిచేసే కాన్ఫోకల్ (ఫోకస్ ఉన్న చోటి కాంతినే తీసుకునే) రామన్ మైక్రోస్కోప్ ఒకటి ఉంది. లేజర్ కాంతిని అణువులు చెదరగొట్టేటప్పుడు (పరిక్షేపణం) దాని రంగులో వచ్చే స్వల్ప మార్పును ఇది వర్ణపటంగా గీస్తుంది; అందులోని శిఖరాలు ఏ బంధాలు ఎలా ఉన్నాయో చెబుతాయి. అతి చిన్న ద్రవబిందువుల పైపొరలో అణువులు ఎలా అమరి ఉంటాయో తెలుసుకోవడానికే కొన్నేళ్లుగా దీన్ని ఎక్కువగా వాడుతున్నాం. మైపాడు తీరం నుంచి తెచ్చుకునే సముద్రపు నీటి చుక్కలు, నీటిలో చెదరగొట్టిన హెక్సాడెకేన్ అనే నూనె చుక్కలు మా నమూనాలు. ఇలాంటి పరికరం కొనదలచి మా దగ్గరికి వచ్చే ఇతర కళాశాలల అధ్యాపకులు ముందుగా అడిగేది ఇది ఎంత చిన్న చుక్కను చూపగలదని. ఒకే నీటిని రెండుసార్లు కొలిస్తే రెండు వర్ణపటాలూ ఎంతవరకు ఒకటిగా వస్తాయని అడగమని నేను వారికి చెబుతాను.

కారణం చిన్న లెక్కలోనే తెలుస్తుంది. 0.9 న్యూమరికల్ ఎపర్చర్ (కాంతిని పోగుచేసే సామర్థ్యం) ఉన్న లెన్సు ఆకుపచ్చ లేజర్‌తో అడ్డంగా సుమారు 0.36 మైక్రాన్ల వరకు వివరం చూపుతుంది. లోతు వైపు అయితే అంత సన్నగా కోయలేదు, మైక్రాన్ దాటిపోతుంది. పైపొర అని మనం పిలిచే భాగం మందమేమో ఒక నానోమీటరుకు అటూ ఇటూ. 10 మైక్రాన్ల వ్యాసం గల చుక్కలో నానోమీటరు మందం పైపొర మొత్తం ఘనపరిమాణంలో 0.06 శాతం మాత్రమే. కనుక ఫోకస్‌ను చుక్క అంచుకు తెచ్చి, అక్కడ వచ్చిన వర్ణపటాన్ని పైపొర వర్ణపటమని రాసుకోవడం సరికాదు. అందులో దాదాపు అంతా లోపలి నీరే.

పైపొరను రాబట్టే దారి తీసివేత. సన్నని నూనె చుక్కలున్న నీటి వర్ణపటంలోంచి మామూలు నీటి వర్ణపటాన్ని, నూనె వర్ణపటాన్ని గణితపద్ధతిలో తీసేస్తే మిగిలేది నూనెను ఆనుకుని ఉన్న నీటి పొర. 2025లో నేచర్ పత్రికలో అమెరికా శాస్త్రవేత్తలు వెయ్ మిన్, టెరెసా హెడ్-గోర్డన్‌ల బృందాలు ప్రకటించిన పరిశోధన ఈ దారిలో సాగినదే. నూనె చుక్కను ఆనుకున్న నీటిలో హైడ్రోజన్ బంధాల అమరిక చెదిరి ఉంటుందని, అక్కడ బలమైన విద్యుత్ క్షేత్రం ఉంటుందని వారు తేల్చారు. ఆ పని మా పరికరంతో ఎంతవరకు సాధ్యమో చూద్దామని పూనుకున్నప్పుడే దాని అసలు గుణదోషాలు మాకు బోధపడ్డాయి.

నూనె 2 శాతం, చుక్క వ్యాసం 200 నానోమీటర్లు అనుకుంటే, నూనెను తాకుతున్న ఒక్క అణువు మందపు నీటిపొర, మొత్తం నమూనాలో పదివేలకు రెండు వంతులకు మించదు. అంత చిన్న తేడా తీసివేతలో నిలబడాలంటే లేజర్ బలం, స్పెక్ట్రోమీటర్ స్థానం, నమూనా ఉష్ణోగ్రత మూడూ కదలకుండా ఉండాలి. మొదటి రెండింటిలో మా పరికరం మెచ్చుకోదగినది: లేజర్ వెలిగించి అరగంట ఆగిన తరువాత సరిచూసుకోవడానికి వాడే సిలికాన్ ముక్క శిఖరం సెంటీమీటరుకు 520.5 దగ్గర రోజంతా నిలుస్తుంది (కాంతి రంగు ఎంత జరిగిందో చెప్పే ప్రమాణం ఇది; కింద చెప్పే శిఖరాల స్థానాలన్నీ ఇందులోనే). ఉష్ణోగ్రత విషయంలో మాత్రం తయారీదారు ఏ ఏర్పాటూ ఇవ్వలేదు, ఇది పెద్ద లోపం. నీటిలోని ఓహెచ్ (ఆక్సిజన్-హైడ్రోజన్) బంధాల కంపనం సెంటీమీటరుకు 3,000 నుంచి 3,700 వరకు వెడల్పైన పట్టీగా వస్తుంది. అందులో 3,250 దగ్గరి ఉబ్బు, నీరు వేడెక్కిన కొద్దీ తగ్గుతుంది. నూనె పక్కన నీటి అమరిక చెదిరినా తగ్గేది ఆ ఉబ్బే. మే నెలలో గది ఏసీ కంప్రెసర్ ఆగి మళ్లీ మొదలయ్యే మధ్యకాలంలో శుద్ధమైన నీటిలోంచి అదే శుద్ధమైన నీటిని తీసేసి చూడండి: 3,250 దగ్గర ఒక పల్లం, పైపొర సంకేతం లాగే, కళ్ల ముందు నిలుస్తుంది. అక్కడ నూనె చుక్క ఒక్కటీ లేదు. నీటిని తిప్పుతూ నమూనాను ఒకే ఉష్ణోగ్రతలో ఉంచే చిన్న లోహపు గూడును స్థానికంగా చేయించుకున్న తరువాతే మా తీసివేతలకు విలువ వచ్చింది. ఇప్పుడు నూనె చుక్కల నమూనాలో ఆ ఉబ్బు తగ్గడం మళ్లీ మళ్లీ కనబడుతోంది. ఏ బంధానికీ చిక్కని స్వేచ్ఛా ఓహెచ్ శిఖరాన్ని మాత్రం సద్దు (నాయిస్) లోంచి విడదీసి చూపగల శక్తి ఈ డిటెక్టర్‌కు లేదు, అది చూపిస్తుందని నేను ఎవరికీ చెప్పను.

సముద్రపు నీటి చుక్కల విషయంలో నాకు ఫిర్యాదు లేదు. చుక్క ఎండుతున్నప్పుడు అంచు వెంబడి లేజర్‌ను నడిపిస్తే, నీటిలో కరిగి ఉన్న సల్ఫేట్ శిఖరం 981 దగ్గర ఉండగానే, పక్కనే 1,008 దగ్గర మరో సన్నని శిఖరం లేస్తుంది. అది జిప్సం అనే కాల్షియం సల్ఫేట్ స్ఫటికం, ఉప్పు గట్టిపడకముందే గడ్డకడుతుంది. ఇంత చక్కగా, ఇంత సులువుగా విద్యార్థికి చూపగల ప్రయోగం మరొకటి నాకు తెలియదు. గది తేమ మీద మాత్రం ఆధారపడలేం. తేమ 75 శాతం దాటితే ఎండిన ఉప్పు కూడా గాలిలోని నీటిని పీల్చుకుని కరుగుతుంది, తిరిగి గట్టిపడాలంటే 45 శాతం దరిదాపులకు దిగాలి. ఈశాన్య రుతుపవనాల కాలంలో మన తీరంలో ఇది తనంతట తాను జరిగే పని కాదు. చుక్కను ఉంచే మూత ఉన్న చిన్న పెట్టెలో సంతృప్త ఉప్పు ద్రావణం పెడితే తేమ 75 దగ్గర, పొటాషియం సల్ఫేట్ పెడితే 97 దగ్గర, మెగ్నీషియం క్లోరైడ్ పెడితే 33 దగ్గర నిలుస్తుంది. ఖరీదైన తేమ నియంత్రణ యంత్రం అవసరం మాకు రాలేదు.

చుక్కను దేనిమీద నిలపాలన్నది కూడా తేలికైన విషయం కాదు. గాజు పలక మీద అది పరచుకుంటుంది. తామరాకు మీద ముత్యంలా నిలుస్తుంది గానీ, ఆకులోని పత్రహరితం ఆకుపచ్చ లేజర్ తగలగానే ఎర్రగా ప్రకాశించి సరిగ్గా ఓహెచ్ పట్టీని ముంచేస్తుంది. కుళాయిలకు చుట్టే టెఫ్లాన్ టేపును పలక మీద సాగదీసి అతికించడం మాకు కుదిరిన మార్గం; దాని శిఖరాలు 734 వంటి కింది స్థానాల్లో ఉంటాయి కాబట్టి నీటి పట్టీకి అడ్డు రావు.

785 నానోమీటర్ల లేజర్ ఉన్న మోడల్‌లో, తామరాకులా పదార్థం తానే ప్రకాశించే బెడద తక్కువని, అదే తీసుకోమని అమ్మకందారులు గట్టిగా చెబుతారు. రంగు పదార్థాలకు అది నిజమే. నీటికి మాత్రం పనికిరాదు: ఓహెచ్ పట్టీ 1,070 నానోమీటర్ల దగ్గరికి జరిగిపోతుంది, అక్కడ సిలికాన్ డిటెక్టర్‌కు చూపు దాదాపు ఉండదు, పైగా పరిక్షేపణం ఐదో వంతుకు పడిపోతుంది.

నిర్వహణలో రెండు ఇబ్బందులు. లెన్సుకు ఉప్పు తేమ పడితే మచ్చలు వస్తాయి. రాత్రిళ్లు సిలికా జెల్ ఉన్న డబ్బాలో దాచుకోక తప్పదు. కరెంటు పోతే చల్లబరిచిన డిటెక్టర్ మళ్లీ స్థిరపడేదాకా ఆ రోజు తీసివేతలు నమ్మదగినవి కావు, యూపీఎస్ ధరను మొదటే కలుపుకోవాలి. సర్వీసు ఇంజినీరు చెన్నై నుంచి రావాలి, ఆ రాక కోసం ఎదురుచూపులు తప్పడం లేదు.

లోపలి నీటిని పక్కనపెట్టి నేరుగా పైపొరనే పలికించే సమ్ ఫ్రీక్వెన్సీ జనరేషన్ పద్ధతి వేరే ఉంది, దానికి అతి స్వల్పకాలపు స్పందాలుగా వచ్చే లేజర్ కిరణాలు రెండు కావాలి. జిల్లా కళాశాల బడ్జెట్‌లో అది రాదు. రామన్ మైక్రోస్కోప్‌నే కొనేవారు డెమో రోజున సొంత స్వేదనజలం తీసుకెళ్లి, గంట తేడాతో రెండుసార్లు కొలిపించి, ఆ రెండింటి తీసివేతను తెర మీద చూసిన తరువాతే ఆర్డరు మీద సంతకం పెట్టాలి.