గ్రంథాలయానికి అండగా నిలిచే బృందం: రిజిస్టర్ చేయించడం మేలా, ఊరికే పనిచేయడం మేలా?

ఊళ్లోని శాఖా గ్రంథాలయానికి ఏదైనా చేద్దామని పదిమంది పాఠకులు కూడితే మొదట వచ్చే మాట ఇదే: సొసైటీగా రిజిస్టర్ చేయిద్దామా, పేరూ ముద్రా లేని బృందంగానే ఉందామా? నా మొగ్గు రెండోదాని వైపే, కనీసం మొదటి ఏడాది. బయటివారి డబ్బు చేతికి రావడం మొదలైతే మాత్రం ఆ మాట వెనక్కి తీసుకుంటాను.

ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. ఆ గ్రంథాలయం పంచాయతీది కాదు, అందులో కూర్చునే గ్రంథపాలకుడిదీ కాదు. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం జిల్లా గ్రంథాలయ సంస్థది. కాబట్టి మధ్యాహ్నం మూసి ఉండే వేళలో పోటీ పరీక్షల పిల్లల కోసం పఠన మందిరం తెరిచి ఉంచాలన్నా, సెలవు రోజున బాలలకు కథలు చెప్పాలన్నా అనుమతి రావలసింది సంస్థ కార్యదర్శి నుంచి. మీకు రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నంత మాత్రాన తాళంచెవి చేతిలో పెట్టరు. లేదని తలుపూ మూయరు. ఏ రోజున, ఎన్ని గంటలకు, ఎవరి బాధ్యతపై అన్నది స్పష్టంగా రాసిన ఒక పేజీ అర్జీ, దాని నకలుపై కార్యాలయం ముద్ర: మొదట కావలసింది ఇవే.

నమోదు లేని బృందానికి ఉన్న పెద్ద సుగుణం, పని ముందు నడవడం, పదవులు వెనక నిలవడం. గ్రంథపాలకుడితోనూ చనువు కుదురుతుంది. ఆయన ఇబ్బంది దగ్గర నుంచి చూస్తే గానీ తెలియదు. మనం అట్టపెట్టె నిండా పాత పుస్తకాలు మోసుకెళ్లి పుణ్యం చేశామనుకుంటాం. ఆయన వాటిలో ప్రతిదానికీ ముద్ర వేయాలి, స్టాకు రిజిస్టరులో నంబరు ఎక్కించాలి. ఎక్కించిన క్షణం నుంచి అది సంస్థ ఆస్తి. రేపు తనిఖీలో ఒకటి కనబడకపోతే జవాబు చెప్పాల్సింది ఆయనే. సిలబస్ మారిపోయిన ఇంజినీరింగ్ గైడ్లకు అంత పూచీ ఎవరు మోస్తారు? ఏవి కావాలో ముందే ఆయనను అడిగి, జాబితా రాయించుకుని, అవే కొనిపెట్టే బృందానికి రెండోసారి కుర్చీ వేస్తారు.

ఇక సొసైటీ సంగతి. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులు, ఆశయాల పత్రం, నియమావళి ఉంటే చాలు. నమోదు కష్టం కాదు, ఆ తర్వాత నడపడమే కష్టం. ఏటా సర్వసభ్య సమావేశం జరపాలి, కార్యవర్గం జాబితా రిజిస్ట్రారుకు పంపాలి, లెక్కలు చూపాలి. ఈ కాగితాల పని చేసే ఓపిక ఏడుగురిలో ఒక్కరికే ఉంటుంది. ఆ ఒక్కరు ఊరు మారితే సొసైటీ ఫైలులో మిగులుతుంది. అధ్యక్ష పదవికి పోటీ పడ్డవారు పుస్తకాలకు అట్టలు వేయడానికి రావడం నేనైతే అరుదుగానే చూశాను.

అయినా సొంత భవనం, సొంత పుస్తకాలు పెట్టుకునేవారికి వేరే దారి లేదు. 1901లో హైదరాబాదులో పుట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1918లో వేటపాలెంలో మొదలైన సారస్వత నికేతనం పౌరులు కట్టుకున్నవే. అలాంటి ఆస్తిని తరాల పాటు కాపాడాలంటే చట్టబద్ధమైన సంఘం ఉండాల్సిందే. అలా సొంతంగా గ్రంథాలయం నడిపే స్వచ్ఛంద సంస్థలకు కోల్‌కతాలోని రాజా రామమోహన్ రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్ సాయం కూడా అందుతుంది. సర్కారు గ్రంథాలయానికి తోడు నిలిచే బృందం పరిస్థితి వేరు.

డబ్బు దగ్గర మాత్రం ఉత్త బృందం తేలిపోతుంది. అమెరికాలో ఉన్న ఊరివారు విరాళం పంపుతామంటారు. ఎవరి ఖాతాకు? సభ్యుడి సొంత ఖాతాలో పడిన ప్రతి రూపాయీ ఎప్పుడో ఒకనాడు అనుమానంగా మారుతుంది. పైగా విదేశీ పౌరసత్వం తీసుకున్నవారి సొమ్ము విదేశీ విరాళాల చట్టం కిందికి వస్తుంది, దానికి సొసైటీ నమోదు కూడా చాలదు. అందుకే నగదు ముట్టుకోకుండా, దాతనే నేరుగా కుర్చీలో పంకాలో కొని గ్రంథాలయానికి ఇమ్మనడం, సంస్థ నుంచి రసీదు ఆయన పేరునే ఇప్పించడం క్షేమం. దాతలు క్రమం తప్పకుండా వస్తున్నారంటే అప్పుడు సొసైటీ, దాని పేరున బ్యాంకు ఖాతా, ఆడిటరు తప్పవు.

ఒక పనికి మాత్రం రెండూ అక్కర్లేదు. ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున మనం గ్రంథాలయ పన్ను కడుతున్నాం. పురపాలక సంఘాలు, పంచాయతీలు దాన్ని వసూలు చేసి సకాలంలో జిల్లా సంస్థకు జమ చేయవన్నది పాత ఫిర్యాదే. మన ఊరి నుంచి ఎంత వసూలైంది, ఎంత జమైంది అని సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. ఆ దరఖాస్తు ఒక పౌరుడు తన సొంత పేరుతో పెట్టడమే మంచిది. బృందం తరఫున వెళ్తే, పఠన మందిరం తాళంచెవి అడిగిన చేత్తోనే లెక్కలూ అడిగారని కార్యాలయంలో ముఖాలు ముడుచుకుంటాయి.