రాబర్ట్ ప్లాంట్ 'రైజింగ్ సాండ్' ఆల్బమ్ ఎలా ఉందంటే

రాక్ బ్యాండ్ లెడ్ జెప్లిన్ సింగర్ ప్లాంట్ అంటే ఆ కేకలే గుర్తొస్తాయి కదా, 2007లో అమెరికన్ కంట్రీ సింగర్ ఆలిసన్ క్రాస్‌తో చేసిన ఈ ఆల్బమ్‌లో మాత్రం అరవై దగ్గరపడ్డ మనిషి గొంతు బాగా తగ్గించి ఆవిడ గొంతు పక్కన ఒదిగి పాడతాడు, నాకు తెగ నచ్చింది అదే. 'ప్లీజ్ రీడ్ ద లెటర్' హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, 1998లో జెప్లిన్ గిటారిస్ట్ జిమ్మీ పేజ్‌తో చేసిన పాటే కానీ ఇక్కడ ఇద్దరూ కలిసి అందుకునే చోట ఆ బాధ సూటిగా గుండెకి తగుల్తుంది. ఒకట్రెండు పాటలు కాస్త సాగదీసినట్టున్నాయి, పర్లేదు. 2009లో ఆల్బమ్ ఆఫ్ ద ఇయర్ గ్రామీ ఊరికే రాలేదు. విడిపోయిన జెప్లిన్ వాళ్లు మళ్లీ కలిసి చేసిన లండన్ షో అయ్యాక అందరూ రీయూనియన్ టూర్ కావాలని అడుగుతుంటే ఈయన 2008లో ఈ పాటలు పట్టుకుని టూర్‌కెళ్లాడు, ఆ తెగింపుకి హ్యాట్సాఫ్ అసలు.