1979 నాటి "రాకెట్ వదిలే" బోబా ఫెట్ అమ్ముతున్నారా? డబ్బు పంపకండి

స్టార్ వార్స్ పాత బొమ్మలు కొనేవాళ్లందరికీ. బోబా ఫెట్ అంటే ఆ సినిమాల్లో డబ్బు కోసం మనుషుల్ని వేటాడి పట్టిచ్చే ముసుగు మనిషి. "1979లో పోస్టులో వచ్చిన రాకెట్ వదిలే బోబా ఫెట్, ఉత్తరంతో సహా" అని ఎవరైనా లిస్టింగ్ పెడితే అక్కడే ఆగండి. అలాంటి బొమ్మ ఎవరింటికీ పోస్టులో రాలేదు. ఒక్కటంటే ఒక్కటి కూడా. రూ. 60,000 గంగలో పోసిన వేడి మీద రాస్తున్నాను, మాట కాస్త ఘాటుగా ఉంటే సర్దుకోండి. అమ్మిన మహానుభావుడి పేరు రాయను. అప్పట్లో ఈ బొమ్మలు చేసిన కెన్నర్ కంపెనీ పాత సరుకు కొనేవాళ్లలో సగం మందికి ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది.

విషయం తెలియనివాళ్లకు గబగబా చెప్తాను. కెన్నర్ కంపెనీ 1979లో ఆఫర్ పెట్టింది: బొమ్మల ప్యాకింగ్ అట్టల మీది, కొన్నట్టు రుజువు చూపే ప్రూఫ్ ఆఫ్ పర్చేజ్ ముక్కలు నాలుగు కత్తిరించి పంపితే, సినిమాలో ఇంకా కాలు పెట్టని బోబా ఫెట్ బొమ్మ ఫ్రీ. వీపు మీది రాకెట్ స్ప్రింగుతో ఎగురుతుందని ఊరించారు. ఈలోపు ఇంకో బొమ్మల కంపెనీ మాటెల్ వాళ్ల బాటిల్‌స్టార్ గెలాక్టికా (టీవీ సీరియల్) బొమ్మలోని చిన్న క్షిపణి గొంతుకు అడ్డంపడి ఒక పిల్లాడు చనిపోయాడు. దాంతో కెన్నర్ వెనక్కి తగ్గి, అట్టల మీద ఆ మాట కనబడకుండా స్టిక్కర్లు అంటించింది, రాకెట్‌ను కదలకుండా బిగించేసి బొమ్మలు పంపింది. ఎగిరే రకం కంపెనీ లోపలి నమూనాలుగానే మిగిలింది. మొదట రాకెట్‌ను పట్టి ఉంచే గొళ్లానికి "ఎల్" ఆకారపు గాడి, అది సరిగ్గా ఆగడం లేదని తర్వాత "జె" ఆకారపు గాడి. అలాంటి నమూనా ఒకటి 2024లో హెరిటేజ్ వేలంలో 5,25,000 డాలర్లు పలికింది. అది అరవై వేలకు ఎలా వస్తుంది అంటారా? అడగాల్సిన టైములో ఆ ప్రశ్న రాలేదులెండి.

ఇప్పుడు చేతికొచ్చిన సరుకు చూడండి. ఒళ్లు మాత్రం అసలుదే. ఎత్తు 3.75 అంగుళాలు, కాలి వెనక జి.ఎమ్.ఎఫ్.జి.ఐ. (కెన్నర్ మాతృసంస్థ పేరు పొట్టిగా) 1979, హాంకాంగ్ అని అచ్చు. అదే కొంప ముంచేది, కాలు చూసి నమ్మేస్తాం. పనితనమంతా వీపు మీద. బిగించి ఉన్న రాకెట్‌ను పెకలించి, వీపు మీది పెట్టెకు బెజ్జం తొలిచి, "ఎల్" గాడి కోసి, లోపల బాల్ పెన్ను స్ప్రింగు కుక్కారు. భూతద్దం పెడితే గాడి అంచు అచ్చులోంచి ఊడివచ్చినంత నున్నగా లేదు. డ్రిల్లు వేడికి ప్లాస్టిక్ కరిగి పొక్కులు కట్టింది, మూల దగ్గర బ్లేడు జారిన గీత. పైన నలభై ఏళ్లుగా మాసిన రంగు, కోసిన చోట లోపల లేత రంగు. రాకెట్ అయితే రెజిన్‌తో పోసింది, మొన దగ్గర గాలి బుడగలు కూడా అలాగే ఉన్నాయి. నిక్షేపంలాంటి 1979 బొమ్మను నాశనం చేసి మరీ నకిలీ చేశారన్నమాట.

ఇక బొమ్మతో పాటు కెన్నర్ పంపిన ఆ ఉత్తరం. కెన్నర్ అందులో రాసిందే అది: భద్రత కోసం రాకెట్ వదిలే ఏర్పాటు తీసేశాం, నచ్చకపోతే తిప్పి పంపండి, బదులుగా ఇంకో బొమ్మ ఇస్తాం అని. ఆ ఉత్తరాన్నీ ఎగిరే రాకెట్‌నూ ఒకే ఫొటోలో పెట్టి అమ్మాడంటే ఆ ధైర్యానికి దండం పెట్టాలి.

నిలదీస్తే మొదటి జవాబు: "అమెరికాలో మా బాబాయికి పోస్టులో వచ్చింది." ఉత్తరంలోని వాక్యం చూపిస్తే, "కాదు సార్, కెన్నర్‌లో పనిచేసినాయన దగ్గర తీసుకున్న శాంపిల్." గాడి ఫొటో పంపితే, "చిన్న రిపేరు చేయించాం, అంతే." ఆఖరికి వచ్చిన మెసేజ్ మక్కీకి మక్కీ ఇది: "బోబా ఫెట్ కథే పూటకో రకం కదా సార్, బొమ్మ కథ మాత్రం ఒకటే ఉండాలా?" పక్కన నవ్వే బొమ్మ. వెంటనే బ్లాక్.

ఒళ్లు మండేది ఎందుకంటే, అతనికి సబ్జెక్టు బాగా తెలుసు. ఆ పాత్ర కథ నిజంగానే పూటకో రకం. 1978 టీవీ కార్టూన్‌లో మొదటిసారి కనిపించి, 1980 సినిమాలో నాలుగే నాలుగు డైలాగులు చెప్పాడు. 1983 మార్వెల్ కామిక్స్‌లో మాండలోరియన్ అనే యోధుల సైన్యంలో మిగిలిన కొద్దిమందిలో ఒకడు. 1996 నాటి కథలో అసలు పేరు జాస్టర్ మెరీల్, కాంకర్డ్ డాన్ అనే చోట చట్టం కాపాడే ఉద్యోగంలో ఉండి హత్య చేసినవాడు. 2002 సినిమా వచ్చేసరికి జాంగో ఫెట్ అనే ఇంకో వేటగాడి క్లోన్ (అచ్చుగుద్దిన నకలు), అతని కొడుకులా పెరిగినవాడు. అప్పుడు పాత జాస్టర్ మెరీల్‌ను ఏం చేయాలో తోచక జాంగోకు గురువును చేశారు. 2014లో పాత నవలలూ కామిక్సూ దాదాపు అన్నిటినీ కలిపి "లెజెండ్స్" అని పేరు పెట్టి, అసలు కథలో భాగం కాదని పక్కన పెట్టారు. ఎవరు మార్చారో, ఏ ఏట మార్చారో అన్నిటికీ లెక్క ఉంది. కథ మారిందని 1979 అచ్చులో గాడి మొలుచుకురాదు కదా!

కొనేవాళ్లు చేయాల్సింది పెద్దగా ఏం లేదు. కాలి వెనక అచ్చుతో పాటు వీపు పెట్టె నాలుగు వైపులా, పక్క నుంచి లైటు వేసి తీసిన వీడియో అడగండి. రాకెట్ కదిలిందా, బేరం వదిలేయండి. మోచేతులు, మోకాళ్లు వంగితే అది హాస్బ్రో అనే బొమ్మల కంపెనీ 2010లో పోస్టు ఆఫర్ కింద ఇచ్చిన ఎగిరే రకం కావచ్చు. మంచి బొమ్మే, కానీ ధర వేరు. బొమ్మ చేతి తుపాకీని నీళ్లలో వేసి తేలితే ఒరిజినల్ అనే పరీక్షను ఒక్కదాన్నే నమ్మకండి, తేలే నకిలీలూ ఉన్నాయి. డబ్బు మాత్రం సెల్లర్ సొంత ఖాతాకు నేరుగా వేయొద్దు. అలా వేసినదానికి ఏ సైటువాళ్లూ రీఫండ్ ఇవ్వరు.