చాసిస్ డైనో టెస్ట్: షీట్‌లో పెద్ద అంకె కాదు, చిన్న అక్షరాలు చూడండి

రోలర్ల మీద కారెక్కించి పవర్ కొలిచే ఈ సర్వీసు పనికొచ్చేదే. కానీ రిపోర్ట్ మూలన ఎస్‌టీడీ అని ఉందా, ఎస్‌ఏఈ అని ఉందా (కొలిచిన పవర్‌ని ఒక ప్రామాణిక వాతావరణానికి సవరించే రెండు పద్ధతులివి) అన్నదాన్ని బట్టి అంకె మారిపోతుంది. ఎస్‌ఏఈ జే1349 పద్ధతి 25 డిగ్రీల వేడికి, 99 కిలోపాస్కల్ పొడి గాలి పీడనానికి లెక్క సవరిస్తుంది. ఎస్‌టీడీ 15.6 డిగ్రీల చల్లటి, చిక్కటి గాలిని ఊహించుకుంటుంది కాబట్టి అదే రన్‌కి సుమారు 4 శాతం ఎక్కువ చూపిస్తుంది. ట్యూనింగ్‌కి ముందు ఎస్‌ఏఈ షీటు, తర్వాత ఎస్‌టీడీ షీటు చేతికిస్తే ఏమీ చేయకుండానే పవర్ పెరిగినట్టే!

టర్బో కార్లకి ఈ సవరణ ఇంకా చిక్కు. బూస్ట్‌ని, అంటే టర్బో ఇంజిన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడిని, ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) తనే సర్దుకుంటుంది. దానిమీద మళ్లీ గుణిస్తే అంకె ఉబ్బుతుంది. సవరించని రీడింగ్ కూడా అడిగి తీసుకోండి.

యూనిట్ సంగతి తేలికే: 100 కిలోవాట్లంటే 134 హెచ్‌పీ, 136 పీఎస్ (మెట్రిక్ హార్స్‌పవర్).

కంపెనీ చెప్పేది క్రాంక్ (ఇంజిన్ తిప్పే షాఫ్ట్) దగ్గరి నెట్ పవర్. రోలర్‌కి అందేది గేర్‌బాక్స్, టైర్లు తినగా మిగిలింది. దానికి 15 శాతం కలిపేస్తే క్రాంక్ పవర్ వచ్చేస్తుందనేది గుడ్డి లెక్క. అన్ని కార్లలో నష్టం ఒకేలా ఉండదు.

ఒకే గేరు, ఒకే టైర్ ప్రెషర్‌తో మూడు రన్‌లు చేయించండి. కారు ముందు పెట్టే ఫ్యాన్ బలహీనంగా ఉంటే ఇన్‌టేక్ గాలి వేడెక్కి, ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ పడే సమయం) వెనక్కి జరిగి, మూడో రన్‌లో అంకె పడిపోతుంది.