కడియం మొక్కలు, ఆత్రేయపురం రేకులు: గూగుల్ యాడ్స్ ఆరేళ్ల వాడకంపై సమీక్ష

గూగుల్‌లో నర్సరీ అని కొట్టేవాళ్లందరికీ మొక్కలు అక్కర్లేదు. కొందరికి పిల్లల్ని చేర్పించే బడి కావాలి, కొందరికి రైమ్స్ కావాలి. కడియం అని కొట్టేవాళ్లలో వెండి కడియాల డిజైన్లు చూసేవాళ్లున్నారు, ఆ ఇంటిపేరున్న రాజకీయ నాయకుడి వార్తలు వెతికేవాళ్లున్నారు. ఈ రెండు మాటల్నీ గూగుల్ యాడ్స్‌లో కీవర్డులుగా (ఎవరైనా వెతికితే మన యాడ్ కనిపించాల్సిన మాటలు), అదీ దగ్గరి అర్థమున్న వెతుకులాటలన్నిటికీ యాడ్ చూపించే బ్రాడ్ మ్యాచ్‌లో పెట్టి, రోజుకు 300 రూపాయలు కట్టి వదిలేస్తే ఆ డబ్బు ఎటు పోతుందో, జనం నిజంగా ఏం కొట్టారో చూపించే సెర్చ్ టర్మ్స్ రిపోర్టు తెరిచి చూస్తే తెలుస్తుంది. కడియం, కడియపులంక నర్సరీల సైట్లకూ, పూతరేకులు పార్సిల్ పంపే దుకాణాల సైట్లకూ ఆరేళ్లుగా వాడిన మీదట తేలింది ఇది: పనిముట్టు మంచిదే. మొదట్లో దానంతట అదే పెట్టుకునే సెట్టింగులు మాత్రం మన జేబుని చూసి పెట్టినవి కావు.

ఖాతా తెరవగానే గూగుల్ స్మార్ట్ క్యాంపెయిన్ లాంటి, చాలా నిర్ణయాలు తనే తీసుకునే రకం చేయించాలని చూస్తుంది. సెట్టింగులు మనమే పెట్టుకునే ఎక్స్‌పర్ట్ మోడ్‌లోకి మారి, వెతుకులాటల్లో యాడ్ చూపించే సెర్చ్ క్యాంపెయిన్ ఎంచుకోండి. నెట్‌వర్క్స్ దగ్గర సెర్చ్ పార్ట్‌నర్స్ (గూగుల్‌తో కలిసిన వేరే వెతుకులాట సైట్లు), డిస్‌ప్లే నెట్‌వర్క్ (యాడ్లు చూపించే ఇతర సైట్లు, యాప్‌లు) రెండిటికీ ముందే టిక్కులు పెట్టి ఉంటాయి, రెండూ తీసేయండి. తర్వాత లొకేషన్ ఆప్షన్స్. హైదరాబాద్ అని ఎంచుకుంటే హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకే కనిపిస్తుందనుకుంటాం. అక్కడ ఉండేది 'ప్రెజెన్స్ ఆర్ ఇంట్రెస్ట్'. అంటే ఆ ఊరిమీద ఆసక్తి చూపించినవాడు ఎక్కడున్నా లెక్కలోకొస్తాడు. మిఠాయి పార్సిళ్లకి దీన్ని 'ప్రెజెన్స్' ఒక్కదానికే మార్చాలి. భాషలు ఎంచుకోమని అడిగితే తెలుగూ ఇంగ్లీషూ రెండూ పెట్టండి, ఎందుకంటే మన వాళ్లలో చాలామంది ఫోన్లు ఇంగ్లీషులోనే నడుస్తాయి. ఇక రికమెండేషన్స్ పేజీలో, గూగుల్ సలహాల్ని దానంతట అదే అమలు చేసేసే ఆటో అప్లై అని ఒకటుంటుంది. అందులో ఏవేవి ఆన్‌లో ఉన్నాయో చూసి ఆపేయండి, లేకపోతే మీరు నిద్రలేచేసరికి కొత్త కీవర్డులు చేరి ఉంటాయి.

బడ్జెట్ దగ్గర చాలామంది కంగారు పడతారు. రోజుకు 300 పెడితే ఒక్కోరోజు 600 దాకా ఖర్చు కావచ్చు. నెల మొత్తానికి మాత్రం 30.4 రెట్లు, అంటే 9,120 దాటదు. దీనిమీద 18 శాతం జీఎస్టీ. ముందుగా డబ్బు వేసుకునే పద్ధతిలో 1,000 రూపాయలు కడితే పన్ను పోను ఖాతాలో పడేది సుమారు 847. దుకాణానికి జీఎస్టీ నంబరుంటే బిల్లింగ్ వివరాల్లో మొదటిరోజే ఎక్కించండి, ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోవచ్చు, అంటే ఈ పన్నుని మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకోవచ్చు.

అసలు పనంతా కీవర్డుల దగ్గరే ఉంది. కొత్త ఖాతాలో బ్రాడ్ మ్యాచ్ జోలికి పోవద్దు. కొటేషన్ గుర్తుల్లో పెట్టే ఫ్రేజ్ మ్యాచ్ (ఆ మాట అర్థం కలిసిన వెతుకులాటలకి), చదరపు బ్రాకెట్లలో పెట్టే ఎగ్జాక్ట్ మ్యాచ్ (సరిగ్గా అదే అర్థమున్న వెతుకులాటలకి), ఈ రెండిటితో మొదలుపెట్టాలి. ఒక్కో సరుకుని మూడు రకాలుగా రాయాలి: తెలుగు లిపిలో, తెలుగు మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో, నేరుగా ఇంగ్లీషులో. పూతరేకుల్నే చూడండి. ఇంగ్లీషు అక్షరాల్లో దీన్ని 'పి యు'తో రాసేవాళ్లున్నారు, 'పి ఓ ఓ'తో రాసేవాళ్లున్నారు, 'త' దగ్గర 'హెచ్' పెట్టేవాళ్లూ పెట్టనివాళ్లూ ఉన్నారు. దగ్గరి స్పెల్లింగుల్ని గూగుల్ చాలావరకు తనే కలుపుకుంటుంది కానీ, ప్రధానమైన రెండు మూడు రూపాలు మనం ఇవ్వడమే మేలు. లోడు లెక్కన మొక్కలు కొనే బెంగళూరు, భువనేశ్వర్ బేరగాళ్లు ఎటూ ఇంగ్లీషులోనే వెతుకుతారు.

వారానికో అరగంట సెర్చ్ టర్మ్స్ రిపోర్టుకి. గడిచిన 7 రోజులు ఎంచుకుని, ఖర్చు ఎక్కువైనది పైకొచ్చేలా పేర్చుకుని, పైనుంచి ఒక్కొక్కటీ చదవాలి. పనికిరాని వెతుకులాట కనపడితే టిక్ పెట్టి నెగెటివ్‌గా, అంటే యాడ్ చూపించొద్దన్న మాటగా, చేర్చొచ్చు కానీ ఇక్కడో మెలిక ఉంది. అలా చేరిస్తే ఆ వాక్యం మొత్తం ఎగ్జాక్ట్ నెగెటివ్‌గా పడుతుంది. 'కడియం వెండి డిజైన్' ఆగుతుంది, 'కడియం వెండి మోడల్' మళ్లీ వస్తుంది. అందుకని చెడగొట్టే మాట ఒక్కదాన్నే, 'వెండి'ని, తీసి, అది ఎక్కడున్నా ఆపే బ్రాడ్ నెగెటివ్‌గా జాబితాలో వేయాలి. నెగెటివులకి ఏకవచనం, బహువచనం వేర్వేరు: 'డిజైన్' పెడితే 'డిజైన్లు' ఆగదు. నర్సరీలకి స్కూల్, అడ్మిషన్, ఫీజు, రైమ్స్, టీచర్, ఉద్యోగాలు, వెండి, బంగారం. రేకులకి తయారీ, రెసిపీ, ఎలా చేయాలి, వీడియో. ఇవన్నీ తెలుగులోనూ ఇంగ్లీషు అక్షరాల్లోనూ.

నెగెటివుల్లో కలుపుతోపాటు పైరు పీకేసే ప్రమాదమూ ఉంది. 'ఫ్రీ' అన్న మాటని చాలామంది కళ్లుమూసుకుని చేర్చేస్తారు. రేకుల దుకాణానికి అలా చేస్తే 'షుగర్ ఫ్రీ పూతరేకులు' వెతికేవాడు పోతాడు, వాడు కొనేవాడే. అంబాజీపేట పరిశోధన కేంద్రం హైబ్రిడ్ కొబ్బరి 'గోదావరి గంగ' పేరుని ఒట్టిగా కీవర్డు చేస్తే నదుల గురించి చదువుకునే పిల్లలొస్తారు. పక్కన 'కొబ్బరి' ఉండాల్సిందే. ఇంకో సంగతి: ఈ రిపోర్టు వెతుకులాటలన్నీ చూపించదు, అరుదైనవాటిని దాచేస్తుంది. కూడిక సరిపోలేదని ఖాతా తప్పనుకోవద్దు.

యాడ్స్‌లో తెలుగుకి చోటు దొరికింది 2018లో. ఇప్పుడున్న రెస్పాన్సివ్ యాడ్‌కి (మనమిచ్చిన వాక్యాల్ని గూగులే రకరకాలుగా కలిపి చూపించేది) 15 హెడ్‌లైన్ల దాకా ఇవ్వొచ్చు, ఒక్కోటి 30 క్యారెక్టర్లు. వివరణలు 4, ఒక్కోటి 90. తెలుగులో ఈ 30 ఇట్టే అయిపోతాయి. 'కడియం నర్సరీ మొక్కలు' కంటికి తొమ్మిది అక్షరాలే, కానీ గుణింతాలు, వత్తులు, సున్నా, ఖాళీలు అన్నీ కలిసి 20 అవుతాయి. 'కనీసం 100 మొక్కల ఆర్డర్' 23. ఈ రెండోదాన్ని తప్పకుండా పెట్టండి. డబ్బు క్లిక్కుకి పోతోంది కాబట్టి, ఒక్క గులాబీ మొక్క కోసం వచ్చేవాణ్ని యాడ్‌లోనే వెనక్కి పంపేయాలి. క్లిక్కులు తగ్గుతాయి. తగ్గనివ్వండి.

ఒక్కో కీవర్డుకి గూగుల్ వేసే మార్కు, క్వాలిటీ స్కోరు, 1 నుంచి 10 దాకా ఉంటుంది: క్లిక్ వచ్చే అవకాశం, యాడ్‌కీ వెతికిన మాటకీ పొత్తు, క్లిక్ చేశాక తెరుచుకునే పేజీ, ఈ మూడింటినీ చూసి వేస్తుంది. మన సైట్లు దెబ్బతినేది మూడోదాని దగ్గర. కొబ్బరి మొక్కల యాడ్ నొక్కితే హోం పేజీ, అందులో కదిలే బొమ్మలు, కింద ఫోన్ నంబరు. కొబ్బరికి విడి పేజీ చేసి రకం, మొక్క వయసు, కనీస ఆర్డరు, లారీకి ఎన్ని పడతాయి, రవాణా ఎవరిది అన్నవి రాస్తే చాలు.

కన్వర్షన్ ట్రాకింగ్ (యాడ్ నొక్కినవాళ్లలో ఎందరు బేరానికొచ్చారో లెక్కపెట్టడం) పెట్టకుండా యాడ్ మొదలుపెట్టొద్దు. మన దగ్గర కార్టులో వేసుకుని కొనేవాళ్లు తక్కువ. వాట్సాప్ బటన్, ఫోన్ కాల్, ఈ రెండే బేరం. వాట్సాప్ బటన్ నొక్కడాన్ని, సైట్‌లో ఇలాంటివి నమోదు చేసే గూగుల్ ట్యాగ్ మేనేజర్‌లో ఈవెంట్‌గా పట్టుకోవాలి. కాల్ ఎంతసేపు సాగితే కన్వర్షన్‌గా లెక్కేయాలన్న చోట మామూలుగా 60 సెకన్లుంటుంది, అది సరైనదే. పేజీ తెరవడాన్నే కన్వర్షన్‌గా లెక్కేసిన ఖాతాల్లో అంకెలు ముచ్చటగా ఉంటాయి, గల్లాపెట్టె ఖాళీగా ఉంటుంది. బిడ్డింగ్ (ఒక్కో క్లిక్కుకి ఎంత పెట్టాలో తేల్చే పద్ధతి) మొదట్లో మాగ్జిమైజ్ క్లిక్స్, దానికి క్లిక్కు ధర పరిమితి పెట్టి. నెలకి 30 దాకా నిజమైన కన్వర్షన్లు పడుతున్నప్పుడే మాగ్జిమైజ్ కన్వర్షన్స్‌కి మారండి, అంతకుముందు మారితే దానికి నేర్చుకోడానికి ఏమీ ఉండదు.

డబ్బు కట్టనక్కర్లేని వాటిలో ముందుగా చెప్పాల్సింది, గూగుల్ ఫలితాల్లో మన సైట్ ఏ మాటకి ఎక్కడ కనిపిస్తోందో చూపించే సెర్చ్ కన్సోల్. 16 నెలల లెక్క దాస్తుంది, అంటే ఈ సంక్రాంతిని పోయిన సంక్రాంతితో పోల్చుకోవచ్చు. ఎనిమిదో స్థానం నుంచి పదిహేనో స్థానం మధ్య ఊగుతున్న మాటల్ని వడకట్టి ఆ పేజీలు సరిచేస్తే యాడ్ ఖర్చు కొంత మిగులుతుంది. సైట్ బాగున్నా వెతుకులాటలో రాకపోవడానికి ఇక్కడ రెండు కారణాలు తరచూ తగులుతాయి. ఒకటి, ధరల పట్టికని ఫొటోగా పెట్టడం; టైపు చేసి పెట్టాలి. రెండోది, డీటీపీ దుకాణంలో అనూ లాంటి, యూనికోడ్ (కంప్యూటర్లన్నీ ఒకేలా గుర్తించే అక్షర పద్ధతి) కాని ఫాంటులో కొట్టిన మ్యాటర్‌ని అలాగే అతికించడం. ఫాంటు జతచేస్తే కంటికి తెలుగే, గూగుల్‌కి మాత్రం పిచ్చి గుర్తులు. అందులోంచి ఒక మాట కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయండి. తెలుగు రాకపోతే యూనికోడ్‌లోకి మార్చించాల్సిందే.

సైట్ వేగం కొలిచే గూగుల్ పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో మొబైల్ అంకె చూడండి. ప్రధాన బొమ్మ 2.5 సెకన్లలోపు రావాలి. ఫోన్‌తో తీసిన 4 ఎంబీ మొక్క ఫొటోని 1,200 పిక్సెళ్ల వెడల్పుకి తగ్గించి వెబ్‌పీ అనే తేలికపాటి ఫొటో ఫార్మాట్‌లోకి మారిస్తే సగం రోగం కుదురుతుంది. డాలర్లు కట్టి కొనే కీవర్డు పరిశోధన సాధనాలు ఈ స్థాయి వ్యాపారాలకి దండగ. తెలుగు మాటలకి వాటి అంకెలు మరీ పలచన. యాడ్స్‌లోనే ఉండే కీవర్డ్ ప్లానర్ చాలు, పెద్దగా ఖర్చు పెట్టని ఖాతాలకి అది నెలకి ఎన్ని వెతుకులాటలో 100 నుంచి 1,000 అంటూ మోటు లెక్కే ఇచ్చినా.

ఎవరి చేతిలోనైనా పని పెడితే, ఖాతా మీ ఈమెయిల్‌తో తెరిచి వాళ్లకి అనుమతి ఇవ్వండి. వాళ్ల పేరున తెరిస్తే విడిపోయిన రోజున ఏళ్ల చరిత్రా, నెగెటివ్ జాబితా వాళ్ల దగ్గరే ఉండిపోతాయి. మొదటి పేజీ గ్యారంటీ అనేవాళ్లతో మాట పొడిగించొద్దు.

రావులపాలెం దగ్గర హైవే మీదున్న రేకుల దుకాణాలకి యాడ్ కన్నా గూగుల్ మ్యాప్‌లో దుకాణం వివరాలు చూపించే బిజినెస్ ప్రొఫైలే ఎక్కువ బేరం తెస్తుంది. కారాపి ఫోన్‌లో వెతికేవాడికి మ్యాప్‌లో గుర్తు, తెరిచే వేళలు, నిన్నటి ఫొటో కావాలి. పండగ రోజులకి స్పెషల్ అవర్స్ విడిగా పెట్టాలి. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది కదా అని ప్రతి సైటూ ఆ ముద్ర వేసుకుంటోంది. అధీకృత వినియోగదారుగా నమోదైతేనే యాడ్‌లో రాయండి. సంక్రాంతికి క్యాంపెయిన్ డిసెంబరు మధ్యలోనే మొదలవ్వాలి. పండగలోపు పార్సిల్ చేరదని కొరియర్ వాళ్లు చెప్పే తేదీ ఏదైతే, ఆ తేదీనే ఎండ్ డేట్‌గా ముందే వేసి పెట్టండి. రేకులు చుట్టే హడావుడిలో ఆ రోజు యాడ్ ఆపడం ఎవరికీ గుర్తుండదు.