టీఎల్‌డీ మాత్ర: నాలుగేళ్లు వాడాక

తెనాలిలో చిన్న టైలరింగ్ షాపు నాది. మిక్సీలకీ ఫోన్లకీ రివ్యూలు రాస్తారు కదా, నేను రోజూ మింగే మాత్రకి రాస్తున్నా. హెచ్‌ఐవీ ఉన్న నాలాంటివాళ్లకి ఏఆర్‌టీ సెంటర్లో ఉచితంగా ఇచ్చే టీఎల్‌డీ. టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు, మూడూ ఒకే బిళ్లలో. డబ్బాకి 30.

అంతకుముందు ఎఫావిరెంజ్ ఉన్న మాత్ర. రాత్రి వేసుకుంటే తెల్లవార్లూ కలలే. ఒకసారి కలలో ఊళ్లోవాళ్ల జాకెట్లన్నీ ఒకే కొలతకి కత్తిరించేశాను. లేచి గుడ్డలు చూసుకున్నాక గానీ టీ గొంతు దిగలేదు. టీఎల్‌డీకి మారాక ఆ కలలు పోయాయి.

మధ్యలో కొలతలు మర్చిపోతున్నానని టెన్షన్ పట్టుకుంది. ఈ వైరస్ మెదడుకి ఎక్కుతుందా అని డాక్టరమ్మని అడిగా. "ఎక్కుతుందమ్మా, ఒంట్లో చేరిన మొదటి వారాల్లోనే" అన్నారు. వైరస్ సోకిన రక్తకణాలే దాన్ని మెదడులోకి మోసుకెళ్తాయట. అక్కడ మైక్రోగ్లియా అని కాపలా కణాలున్నాయి. వాటి మీద సీడీ4, సీసీఆర్5 అని రెండు కాజాలు అనుకోమ్మా అని నా భాషలోనే చెప్పారు. వైరస్ గుండీ ముందు సీడీ4లో పడుతుంది, దాంతో కాస్త మెలి తిరిగి సీసీఆర్5ని అందుకుంటుంది. రెండూ పడితేనే దాని పొర కణం పొరతో కలిసిపోయి లోపలి సరుకు దిగుతుంది. నరాల కణాలకి సీడీ4 లేదు, అందుకని వాటిలోకి దూరదు. కానీ జబ్బుపడ్డ కాపలా కణాలు వదిలే విషాలకి అవీ దెబ్బతింటాయి.

ఈ మాత్ర గుండీ పడకుండా ఆపదు. సరుకు దిగాకే దీని పని. రెండు మందులు ఆ సరుకుని, అంటే వైరస్ ఆర్‌ఎన్‌ఏని, డీఎన్‌ఏగా మారనివ్వవు. మూడోది, డోలుటెగ్రావిర్, ఆ డీఎన్‌ఏని మన డీఎన్‌ఏలో కుట్టనివ్వదు. ఇదివరకే పడ్డ కుట్టు మాత్రం విప్పలేదు. మైక్రోగ్లియా ఏళ్ల తరబడి బతుకుతాయి, ఆ కుట్టు వాటిలో అలాగే ఉంటుంది. మాత్ర మానితే వైరస్ మళ్లీ లేచేది ఇలాంటి చోట్ల నుంచే. నా వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ లెక్క, ఇప్పుడు పరీక్షకి అందనంత తక్కువ. మతిమరుపుకి కారణం థైరాయిడ్ అని తేలింది, అది వేరే కథ.

లోపాలా? ఆరు కిలోలు పెరిగాను. నా జాకెట్లు నేనే వదులు చేసుకున్నా కాబట్టి కూలీ మిగిలింది. కాల్షియం బిళ్లతో కలిపి వేసుకోవాలంటే అన్నం తిన్నాకే, పరగడుపున వద్దన్నారు. అన్నిటికంటే చికాకు ఆ ప్లాస్టిక్ డబ్బా. బస్సులో సంచి కదిలితే గలగలమంటుంది, పక్కావిడ ఏంటక్కా అని అడుగుతుంది. దూది కుక్కుతున్నా.

ఐదుకి నాలుగు. ఆ ఒక్కటీ డబ్బా మోతకి కోత.